తెల్లమట్టి ఏరుకున్న మనిషి

చిన్నాయన పోయాడని తమ్ముడు ఫోన్ చేశాడు. వికారాబాదులో మా ఇంటి గేటుకు తాళం వేసి కాలేజీకి బయలుదేరుతున్నాను. "పొద్దుగాల చాయ తాగి గట్టు మీద కూసున్నడక్కా. చిన్నమ్మ పిలిస్తె పలకలేదంట" అన్నాడు. వాడు కాస్త ఆగి, "ఆయన చేన్లనే పెడ్దాం గదా, ఏమంటవ్?" అన్నాడు. మనిషి పోయిన కబురు వెనకాలే పూడ్చే చోటు మాట. నేను ఏమీ అనకముందే జవాబు కూడా వాడే చెప్పుకున్నాడు. "ఆయన ఏరుకున్న చేనే గదా."

ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు, ఈ నాలుగు ముక్కలు రాసేది కూడా దానితోనే. పోయిన మనిషి గురించి చెప్తానని మట్టి గురించి చెప్తోందేమిటి అనుకోకండి. మా చిన్నాయన గురించి మట్టి లేకుండా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మా ఊరు తాండూరుకూ పెద్దేముల్‌కూ మధ్య. చేను కాగ్నా వైపు. ఆ వాగు ఏనాటి నుంచో తెచ్చి పరిచిన ఒండ్రు అది. ఇసుక కాదు, బంకమన్ను కాదు, రెండింటికీ మధ్యరకం. ఎండాకాలం చేతిలోకి తీసుకుంటే జొన్నపిండిలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. కొత్తవాళ్లు చూస్తే బంగారంలాంటి భూమి అంటారు. మోకాలి లోతు తవ్వితే గానీ దాని సంగతి తెలియదు. ముందు సన్నటి తెల్లని దారాలు కనిపిస్తాయి, రొట్టెకు బూజు పట్టినట్టు. ఇంకాస్త కిందికి పోతే శనగగింజంత, రేగుపండంత తెల్లరాళ్లు. వాటి కింద గట్టి తెల్లటి పొర, గడ్డపార వేస్తే తిరిగి చేతిని కొడుతుంది.

మాది సున్నపురాయి దేశం. మా బండలు మీ ఇళ్లలో కూడా పరిచే ఉంటారు. వాన ఆ సున్నాన్ని కరిగించి కిందికి తీసుకుపోతుంది. వానలు బాగా పడే చోటైతే అది ఎటో కొట్టుకుపోయేది. మా దగ్గర వాన మోకాలి లోతు తడిపి అలిసిపోతుంది. నీళ్లు ఆగిన చోటే సున్నమూ ఆగిపోతుంది. నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని కాబట్టి ఈ సంగతి పిల్లలకు బోర్డు మీద సమీకరణం రాసి చూపిస్తాను. ఒకసారి చిన్నాయనకు కూడా చెప్పాను. ఆయన అంతా విని, "మనకాడ వానకే తిండి లేదు బిడ్డా. ఉన్నకాడికి అది జేస్తనే ఉంది" అన్నాడు. ఆయనకు అదొక జబ్బు. ఎవరినీ తప్పు పట్టనీయడు, చివరికి వానను కూడా వెనకేసుకొస్తాడు.

మా కుటుంబం మొదటి నుంచి గొర్లు కాసే కుటుంబం. మా తాత ఈ చేను సంపాదించాక మా నాన్న గొర్లను వదిలేసి వ్యవసాయంలోకి దిగాడు. చిన్నాయన రెండూ చూసుకునేవాడు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు చేలో బోరు పడింది. ఆ నీళ్లు చూసి నాన్నకు పిచ్చి లేచింది. కందులు, జొన్నలు వేసుకునే వాలు చేను అది. దాన్ని చదును చేసి వరి వేయాలన్నాడు. వరి పండించేవాడే రైతు, మిగిలినవాళ్లు కూలోళ్లని మా నాన్న నమ్మకం.

"పైన మన్ను గీకొద్దన్నా" అన్నాడు చిన్నాయన. "బోరేసినప్పుడు జూసినం గదా, కింద అంత సున్నమే."

"నువ్వు గొర్లు కాసుకోరాదురా. ఎవుసం నేను జూసుకుంట."

డోజరు వచ్చింది. ఎండాకాలం, సెలవులు. మేమంతా గట్టున నిలబడి జాతర చూసినట్టు చూశాం. అది పైభాగం మన్నును గీకి గీకి కిందికి తోసింది. చేను మధ్యలో కొత్తగా గట్టు వేశారు. కింది మడిలో రెండింతల మన్ను చేరింది, గోధుమరంగులో, మెత్తగా, పాదం పెడితే దిగిపోయేటట్టు. పైది తెల్లబడిపోయింది. మధ్యాహ్నం ఎండలో అటు చూస్తే కళ్లు మండాయి. మా అమ్మ అన్నం గంప దించి, "గా పొడి ఏంది, చేన్ల సుద్ద జల్లిన్రా?" అని అడిగింది.

ఆ వానాకాలం పైమడిలో వేసింది వేసినట్టు పసుపు రంగుకు తిరిగింది. లేత ఆకులు ముందు పాలిపోతాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి మధ్యదంతా పసుపు. మొక్కకు కావలసిన ఇనుము మట్టిలో ఉంటుంది, సున్నం దాన్ని అందనివ్వదు. ఇంటి నిండా బియ్యముండి పొయ్యి వెలగని సంసారం అది. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. అప్పుడు మా ఊళ్లో ఎవరికైనా ఆకు పాలిపోయిందంటే యూరియానే గుర్తొచ్చేది. నాన్న బస్తాల కొద్దీ చల్లించాడు. అది ఇంకా పాలిపోయింది. వాన వెలిసి ఎండ కాసినప్పుడల్లా పైన అప్పడంలా పెచ్చు కట్టేది, మొలకలు దాన్ని పగలగొట్టుకుని రాలేక లోపలే వంకర తిరిగేవి. నాన్న ఆ గట్టు దాటి పైకి పోవడం మానేశాడు.

తరువాత నానమ్మ పోయింది, అన్నదమ్ములు వేరుపడ్డారు. పంపకానికి మా వైపు ఒక కట్టుబాటు ఉంది. పెద్దోడు పంచాలె, చిన్నోడు ఏరుకోవాలె. పంచేవాడు మోసం చేస్తే తన నెత్తికే చుట్టుకుంటుంది గనక సమానంగా పంచుతాడని పెద్దల తెలివి. ఊళ్లోని నలుగురు పెద్దమనుషులు గట్టు మీద కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన, "నిలువుగ కోయిరా, ఇద్దరికి రెండు తీర్ల మన్ను వస్తది" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "గట్టు ఉన్నకాడ గట్టే హద్దు. పైది ఒకటి, కిందిది ఒకటి" అన్నాడు.

నేను ఎంత కోపంలో ఉన్నా ఈ ఒక్కటీ నాన్న తరఫున ఒప్పుకుంటాను. ఆయన అలా పంచినప్పుడు తమ్ముడు కిందిదే ఏరుకుంటాడని, తాను పాడు చేసినది తానే పెట్టుకుంటానని అనుకుని ఉంటాడు. అక్కడున్న వాళ్లంతా అలాగే అనుకున్నారు. పెద్దమనుషులు రెండు మడుల్లోంచి రెండు మట్టిపెళ్లలు తెచ్చి చిన్నాయన ముందు పెట్టారు. ఒకటి గోధుమరంగుది, ఒకటి తెల్లది. అందులో గుట్టేమీ లేదు, గుడ్డివాడికి కూడా చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. చిన్నాయన కాసేపు అన్న ముఖం చూశాడు. తరువాత వంగి తెల్లపెళ్ల తీసుకున్నాడు.

చిన్నమ్మ అక్కడే ఉంది. "ఏందయ్యా, కండ్లు గిట్ల పోయినయా?" అంది. పెద్దమనుషుల్లో ఒకాయన కూడా, "మల్లొక్కపారి సోంచాయించుకో" అన్నాడు. చిన్నాయన ఆ పెళ్లను తువ్వాలులో కట్టుకుంటూ, "ఏరుకున్న గద. ఇగ అయిపాయె" అన్నాడు.

అందరూ నాన్న వైపు చూశారు. లేదు తమ్ముడూ, అది నాది అనడానికి ఎంతసేపు కావాలి? నాన్న పక్కకు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. అంతే, పంపకం అయిపోయింది.

ఆ తరువాత ఎవరు అడిగినా నాన్న దగ్గర ఒకటే జవాబు. పెళ్లిళ్లలో, చావుల్లో, తాండూరు బస్టాండులో కలిసిన చుట్టాలు, "మీ తమ్మునికి గట్లాంటి భూమి వచ్చిందేంది?" అంటే, "వాడే ఏరుకున్నడు." అందులో అబద్ధం లేదు, అందుకే ఇంకెవరికీ తిరిగి అడగడానికి ఏమీ ఉండేది కాదు. కింది మడి మాకు బాగా పండింది. నేను ఆ పంట తిని, ఆ పంట మీద చదువుకుని, ఇప్పుడు నీడ పట్టున ఉద్యోగం చేస్తున్నాను. వరి కూడా నాలుగేళ్లకే ఎత్తిపోయింది, బోరు ఎండింది కాబట్టి. మళ్లీ కందులే వేశాం. ఏ కందుల కోసమైతే చదును అక్కర్లేదో ఆ కందులే.

ఇక చిన్నాయన తన తెల్లమట్టితో కాపురం మొదలుపెట్టాడు. వాళ్లకు పిల్లల్లేరు. మొగుడూ పెళ్లాం పొద్దున్నే చేలోకి పోయి వంగి తెల్లరాళ్లు ఏరేవాళ్లు. వాటినన్నిటినీ ఏరేస్తే మట్టి బాగుపడుతుందని ఆయన నమ్మకం. నడుస్తూ నడుస్తూ కూడా ఏరేవాడు. చొక్కా జేబు ఎప్పుడూ బరువుగా కిందికి వేలాడుతుండేది. మా ఇంటికి వస్తే అరుగు మీద కూర్చుని జేబు దులిపేవాడు. "మీ సున్నం మీ ఇంట్లనే పోసుకోరాదు?" అని మా అమ్మ కసిరేది. కాలేజీకి పోయే వయసు వచ్చినా మేం వాటితో అచ్చనగాయలు ఆడుకునేవాళ్లం. గుండ్రటివి వెతికి తెచ్చేవాడు మాకోసం. చిన్నమ్మ మాత్రం జేబులు కుట్టలేక ఆయన పాత చొక్కాలు తానే వేసుకుని పనికి పోయేది, కొత్తవి ఆయనకు ఇచ్చేది. ఆ కొత్తవీ నాలుగు రోజులకే చిరిగేవి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చదువు గర్వంతో ల్యాబులోంచి చిన్న సీసాలో ఆమ్లం తెచ్చాను. చేలో రాయి ఒక్కటి కూడా లేని చోట, శుభ్రమైన మట్టి చూసి, దాని మీద రెండు చుక్కలు వేశాను. మట్టి సలసల పొంగింది. చిన్నాయన వెనక్కి జరిగి, "నిప్పు లేకుండ ఉడుకుతున్నదేంది?" అన్నాడు.

"సున్నం చిన్నాయనా. నువ్వు ఏరేది పైకి కనబడేదే. ఇది మట్టి మట్టిలో ఉంది. ఎన్ని రాళ్లు ఏరినా పోదు."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ బుడగలు ఆగేదాకా చూశాడు. నేను ఆయన ప్రాణం తీసినట్టయింది నాకే. కాసేపటికి లేచి, రెండడుగులు వేసి, వంగి ఒక రాయి తీసి జేబులో వేసుకున్నాడు.

"మళ్లీ ఏరుతున్నవేంది?" అన్నాను.

"ఇంట్ల దుమ్ము దినాం పడ్తనే ఉంటది. ఊడ్సుడు బంద్ వెడ్తమా బిడ్డా?"

అది తప్పు పోలిక. శాస్త్రం ప్రకారం ఆయన చేసిందంతా వృథా. ఆయన రాళ్లు ఏరిన ఆ ఏళ్లన్నిటిలోనూ మట్టి రవ్వంత కూడా మారలేదు, నేను ఎవరితో పందెం వేయమన్నా వేస్తాను. ఏరిన రాళ్లతో గట్టు మాత్రం ఎత్తు పెరిగింది. దాన్ని చూస్తే ఎవరో సున్నపు గోడ కట్టుకున్నట్టుండేది. ఊళ్లో నవ్వేవాళ్లు. "రాళ్లోడు" అనేవాళ్లు. ఆయన వాళ్లతో కలిసి నవ్వేవాడు, నాకు అదే చిరాకు.

ఆ తరువాత నేను ఊరుకోకుండా ఇనుము ఉండే అన్నభేది తెచ్చి, నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొట్టమన్నాను. కొట్టిన వారానికి పైరు కాస్త తేరుకుంది. ఆ రోజు ఆయన ఫోన్‌లో మాట్లాడిన తీరు వినాల్సింది, మనవరాలు నడక నేర్చినట్టు చెప్పాడు. కొత్త ఆకులు వచ్చేసరికి మళ్లీ పసుపే, మళ్లీ కొట్టాలి. "దవఖాన మొకం జూసినంత సేపే పాణం బాగుంటదన్నట్టుంది మనది" అన్నాడు. చెప్పి, మళ్లీ కొట్టాడు.

ఆ మట్టికి పనికొచ్చేది ఒకటే, గొర్ల మంద. పంట తీశాక చేలో మందను పడుకోబెడితే ఆ పెంట, ఆ మూత్రం మట్టిలో కలిసి ఎంతో కొంత బలం వస్తుంది. మంద ఆయన చేతిలోనే ఉంది. నేరుగా తన చేలో పెట్టుకోవచ్చు కదా? లేదు, ప్రతి ఏడూ మొదటి మంద మా కింది చేలో. పెద్దోడి చేను ముందు అని కట్టుబాటట. పెద్దోడు పాటించని కట్టుబాట్లన్నీ చిన్నోడు పాటించాడు. మా చేలో పెట్టాక, మిగిలిన రోజుల్లో తనది. మా నాన్న ఒక్క ఏడు కూడా వద్దనలేదు.

నాకు ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. ఉగాదికి ఊరెళ్లినప్పుడు, గట్టు మీద ఇద్దరమే కూర్చున్నాం. "ఎందుకు ఏరుకున్నవు చిన్నాయనా? అందరు నిన్ను పిచ్చోడన్నరు."

ఆయన చేతిలోని రాయిని ఇటూ అటూ తిప్పాడు. "తప్పు జేసినోడు దాని మీద పంట తియ్యలేడు బిడ్డా. పొద్దుగాల లేసి చేన్లకొస్తె మొకం మీద గొట్టినట్టుంటది. అన్న ఆగం గాకపోవునా? నాకైతే అది వట్టి మన్నే."

వట్టి మన్ను. నేను ఇప్పటికి ఎన్ని వందలసార్లు ఆ మాట మనసులో అనుకున్నానో. అంత ప్రేమ చూపించిన తమ్ముణ్ని పట్టుకుని "వాడే ఏరుకున్నడు" అన్న మనిషి నాకు తండ్రి. నాన్నకు ఈ సంగతి తెలియదనుకుందామంటే వీల్లేదు. అన్నదమ్ములకు ఒకరి ముఖం ఒకరికి తెలియకుండా ఉంటుందా?

పోయిన చలికాలం కందికోతలప్పుడు మేమంతా ఆ గట్టు మీదే కూర్చుని జొన్నరొట్టెలు తింటున్నాం. నాన్న, తమ్ముడు, చిన్నమ్మ, నేను. చిన్నాయన మంచినీళ్లు తాగి, నడుం పట్టుకుని కింది చేను వైపు చూస్తూ అన్నాడు. "నేను సస్తె గట్టు కింద పెట్టుండ్రి. గా మూలకు. బతుకంత సున్నంల తవ్విన. పండుకునేటప్పుడన్న జర మెత్తగుంటది."

మావాళ్లలో కాల్చడం లేదు, పూడ్చడమే. చిన్నమ్మ, "తినేకాడ ఏం మాటలవి" అని కసిరింది. తమ్ముడు నవ్వాడు. నాన్న రొట్టె తుంచుకుంటున్నాడు. విన్నాడు. నేను ఆయన ఎదురుగానే ఉన్నాను, విన్నాడని నాకు తెలుసు.

అదీ సంగతి. ఇప్పుడు ఆ ఫోన్ మాట మళ్లీ చదువుకోండి. ఆయన చేన్లనే పెడ్దాం గదా.

నేను పాసింజరు రైలు పట్టుకుని తాండూరులో దిగి, ఆటోలో పోయేసరికి పదకొండు దాటింది. చిన్నాయనను వాకిట్లో పడుకోబెట్టారు. జేబు ఖాళీగా ఉంది, రాళ్లు ఎవరో తీసేశారు. నేను తమ్ముణ్ని గోడ వారకు తీసుకుపోయి, ఆయన అడిగిన మూల సంగతి గుర్తు చేశాను.

"అక్కా, కింది చేను ప్లాట్లకు చూసి పోయిన్రు. మూలకు బొంద ఉంటె ఎవడు కొంటడు చెప్పు?"

"ఆయన అడిగిండ్రా. అందరి ముంగట అడిగిండు."

"అడిగిండు. ఆయన చేను లేకపోతె వేరే ముచ్చట. ఆయనది ఆయనకున్నంక మన దాంట్ల ఎందుకు?" వాడి గొంతులో కోపం కూడా లేదు, లెక్క అడుగుతున్న అమాయకత్వం. "ఏరుకున్నదే ఆయన గద."

నేను నాన్న దగ్గరికి పోయాను. ప్లాస్టిక్ కుర్చీలో, కర్ర గడ్డం కింద పెట్టుకుని కూర్చున్నాడు. కింది చేను ఇంకా నాన్న పేరు మీదే ఉంది. ఆయన పెట్టండిరా అంటే తమ్ముడు ఎదురు చెప్పేవాడు కాదు. అప్పటికి అక్కడున్న వాళ్లందరికీ విషయం తెలిసిపోయింది, అందరూ ఆయన వైపే చూస్తున్నారు. గట్టు మీద పంపకం నాడు చూసినట్టే.

"నాయినా, ఒక్క మాట చెప్పు" అన్నాను. "ఒక్కటే."

నాన్న నేల చూశాడు. ఎవరో పక్క నుంచి, "పెద్దాయన్ని పరేషాన్ జేయకు బిడ్డా" అన్నారు. చిన్నమ్మ శవం పక్కనుంచే, ఏడుపు ఆపి, గట్టిగా అంది. "ఎవ్వల్ని అడగకు. ఆయన చేను ఆయనకుంది. అండ్లనే పెడ్తం."

పైచేలో బొంద తవ్వడం మొదలుపెట్టారు. డోజరు పోయిన నేల కాబట్టి మూరెడు కూడా మెత్తగా లేదు. గడ్డపారలు టంగుమంటున్నాయి. మనుషులు మారి మారి తవ్వారు. చెమటలు తుడుచుకుంటూ ఒకాయన, "బతికినప్పుడు పంట తియ్యనియ్యలే, సచ్చినంక పండుకోనిస్తలేదు" అన్నాడు. మధ్యాహ్నం ముదిరింది. తమ్ముడు ఫోన్ తీసి, "జేసీబీ పిలుస్త, పది నిమిషాల పని" అన్నాడు.

చిన్నమ్మ లేచి నిలబడింది. "మిషిని పేరెత్తకు. గీ చేన్లకు ఒకపారి మిషిని వచ్చింది సాలు."

నాన్న అక్కడే ఉన్నాడు. ఆమె ఆయన్ను చూడను కూడా లేదు.

బొంద పూర్తయ్యాక నేను లోపలికి చూశాను. నాలుగు పక్కలా తెలుపు, అడుగున తెలుపు, ఎవరో పండక్కి సున్నం వేసిన గదిలా ఉంది. చిన్నాయన నల్లటి మనిషి. ఆయన్ను అందులో దించినప్పుడు చూడలేక నేను పక్కకు తిరిగాను. వరసగా అందరం మూడేసి పిడికిళ్ల మన్ను వేశాం. ఆ మన్ను చేతులకు పిండిలా అంటుకుంది. నాన్న కనబడలేదు. ఒంటికి పోయి ఉంటాడని తమ్ముడు అన్నాడు. తవ్విన వాళ్లు పారలతో పూడ్చేశారు, మీద దిబ్బ పోశారు.

జనం కదులుతుండగా నాన్న గట్టు కింది నుంచి వచ్చాడు. కర్ర లేదు. తువ్వాలును మూటగా పట్టుకుని, ఆ తెల్లరాళ్ల గట్టు ఎక్కలేక రెండు చేతులా పాకినట్టు ఎక్కాడు. మోచేతుల దాకా మట్టి. దిబ్బ దగ్గరికి వచ్చి మూట విప్పాడు. కింది చేను మన్ను, గోధుమరంగుది. దాన్ని ఛాతీ ఉండే చోట పోసి, అరచేత్తో సమంగా సర్దాడు. "జర మెత్తగుంటది" అన్నాడు, ఎవరితోనో తెలియదు.

కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఇంటికి పోయేటప్పుడు ఇద్దరు ముగ్గురు, "ఎంతైన తోడబుట్టినోడు" అన్నారు. నేను తుడుచుకోలేదు. ఒక తువ్వాలెడు మన్ను! అది కూడా ఎవరిది? డోజరు పైనుంచి గీకి కిందికి తోసిన మన్ను. మొదటి నుంచీ చిన్నాయన చేనుదే. నాన్న ఇచ్చింది ఏమీ లేదు, వాడుకున్నన్నాళ్లు వాడుకుని ఒక మూట తిరిగి తెచ్చాడు. మాట ఒక్కటి అడిగితే మట్టి తెచ్చాడు.

దినాల నాడు జహీరాబాదు వైపు చుట్టం ఒకాయన చేను చూసి, "గిదేంది, గింత తెల్లగుంది? మీ తమ్మునికి గిదెట్ల వచ్చింది?" అని నాన్ననే అడిగాడు. నాన్న, "వాడే" అన్నాడు. తరువాతి మాట రాలేదు. చుట్టం కాసేపు ఎదురు చూసి వేరే సంగతి ఎత్తుకున్నాడు. ఆ మాట పూర్తి చేయకుండా ఉండటానికి మా నాన్నకు తమ్ముడు చావాల్సి వచ్చింది.

మృగశిర వానలు పడ్డాక మొన్న ఊరెళ్లాను. నాన్న మంచంలోనే ఉంటున్నాడు, గట్టు వైపు పోవడం లేదు. కింది చేలో వెంచర్ వాళ్ల తెల్లటి హద్దురాళ్లు వరసగా పాతి ఉన్నాయి. నేను పైకి పోయాను. నాన్న పోసిన మన్నులో పోయినేటి కందిగింజలు కొన్ని రాలి ఉన్నట్టున్నాయి, దిబ్బ మీద ఆ తువ్వాలు మేర మాత్రమే మొలకలు లేచాయి. జానెడు ఎత్తు. దూరం నుంచి చూస్తే పచ్చిక చాప పరిచినట్టుంది. నా గుండె ఒక్కసారి కదిలింది, దాచను. పరుగులాంటి నడకతో దగ్గరికి పోయాను.

కింది ఆకులు ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. కొసల్లో కొత్తగా విప్పుకున్న ఆకులు పసుపు. ఈనెలు మాత్రం ఆకుపచ్చ. ఎందుకో నాకు తెలుసు, పిల్లలకు చెప్పేదే. వేళ్లు ఆ మూటెడు మన్ను దాటి కిందికి పోయాయి.

చిన్నమ్మ అక్కడే ఉంది. దిబ్బ పక్కన వంగి, వానకు బయటపడ్డ తెల్లరాళ్లు ఒక్కొక్కటే ఏరుతోంది. "ఎందుకు చిన్నమ్మా ఇంకా?" అన్నాను. ఆమె తల ఎత్తలేదు. చీర మీద చిన్నాయన చొక్కా వేసుకుంది. ఈసారి పాతది కాదు, కొత్తదే. దాని జేబు నిండి, కుట్లు తెగి, ఒక పక్కకు వేలాడుతోంది.